చిట్టీలు తీస్తే న్యాయం జరిగినట్టేనా? చిన్నపిల్లల గేమ్ టోర్నమెంట్ నడిపే పద్ధతి

[కెమెరా ముందు. వెనక టీవీలో మారియో కార్ట్ అనే బళ్ల రేసు గేమ్ పాజ్‌లో ఉంటుంది.]

"చిట్టీలు తీశాం కదండీ, ఇంక అన్యాయం ఎక్కడుంది?"

ఈ మాట ఈ ఏడాదిలో మూడోసారి విన్నాను. ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురూ ఎలిమెంటరీ పిల్లలకి వీడియో గేమ్ పోటీలు పెట్టినవాళ్లే. మూడో ఆయన మాత్రం మా మేనల్లుడికి పోటీ పెట్టారు. అందుకే ఈ వీడియో.

వాడు మూడో తరగతి. 16 జట్లు, నాకౌట్, అంటే ఒక్కసారి ఓడితే ఇంటికే. పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. తొమ్మిదింపావుకి ఓడిపోయాడు. ఆ తర్వాత రెండున్నర గంటలు చేతిలో సమోసా పట్టుకుని వేరేవాళ్లు ఆడుతుంటే చూశాడు. మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, వీణ్ణి ఆడించడానికి తీసుకెళ్లానా, సమోసా తినిపించడానికా?" అంది. పైగా వీడు ఓడింది ఇంట్లో రెండేళ్లుగా నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్ ఉన్న పిల్లాడి చేతిలో. మావాడు ఆ కంట్రోలర్ పట్టుకోవడం అదే మొదటిసారి.

చిట్టీ మాత్రం నిజాయితీగానే తీశారు. అదే నా బాధ.

నాకౌట్ లెక్క మీకు తెలిసిందే. 16 జట్లుంటే 15 ఆటలు, మొదటి రౌండ్‌తోనే ఎనిమిది జట్లు ఇంటికి. పెద్దవాళ్ల కప్పులో అది బాగుంటుంది, టెన్షన్ ఉంటుంది. ఏడేళ్ల పిల్లల దగ్గర సగంమంది మూడు నిమిషాలు ఆడి వెళ్లిపోతే దాన్ని పోటీ అనాలా, పిలిచి అవమానించడం అనాలా?

సరే. మాది పల్నాడు వైపు. నాకు న్యాయమైన పోటీ అంటే గుర్తొచ్చేది క్రికెట్టూ కాదు, చదరంగమూ కాదు. బండలాగుడు.

[స్క్రీన్ మీద: ఒంగోలు గిత్తల జత, వెనక బండ]

నవ్వకండి. గిత్తల్ని కొట్టడం గురించి నాకూ కోపం ఉంది, అది వేరే వీడియో. ఇప్పుడు పోటీ ఎలా నడుపుతారో మాత్రం చూడండి. సంక్రాంతికో తిరునాళ్లకో పెడతారు. గిత్త వయసు పళ్లను బట్టి తెలుస్తుంది కాబట్టి పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్, ఇలా విడదీస్తారు. ఏ విభాగానికి తగ్గ బండ ఆ విభాగానికి. ఒక విభాగంలో అన్ని జతలకీ ఒకటే బండ, ఒకటే బాట, ఒకటే టైము. ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది చిట్టీ తీసి తేలుస్తారు.

ఇందులో మూడు సంగతులు పట్టుకోండి. పళ్లు చూడటం, బండ ఒకటే కావడం, వచ్చిన ప్రతి జతా పూర్తి టైము లాగి వెళ్లడం. చిట్టీ కూడా ఉంది, కానీ అది వరుస తేల్చడానికే. ఎవరు ఇంటికి పోవాలో చిట్టీ తేల్చదు. మా ఊళ్లో చదువుకోని ముసలాయనకి తెలిసిన ఈ తేడా, ప్రొజెక్టర్ పెట్టి పోటీ నడిపినవాళ్లకి తెలియలేదు.

ముందు పళ్లు.

గిత్త వయసు ఎంత అని యజమానిని అడిగి రాసుకోరు. నోరు తెరిచి చూస్తారు. పిల్లల్ని "నీకు ఈ ఆట వచ్చా?" అని అడిగారనుకోండి, ప్రతి ఒక్కడూ "సూపర్‌గా వచ్చు అంకుల్" అంటాడు. తల్లిదండ్రుల్ని అడిగితే "అస్సలు ముట్టుకోడండీ" అంటారు. రెండూ నమ్మొద్దు. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో టైమ్ ట్రయల్ అని ఉంది. ఒక్కడే తోలాలి. పోటీవాళ్లు ఉండరు, దారిలో ఐటమ్ పెట్టెలు (ఎదుటివాళ్ల మీద వేసే తొక్కలు, చిప్పల్లాంటివి దొరికేవి) ఉండవు, చేతికి వేగం పెంచే మూడు పుట్టగొడుగులు ఇస్తుంది, అంతే. ఆఖర్లో టైము చూపిస్తుంది. అచ్చం బండలాగుడే! అది నడిచేది 150 సీసీలోనో 200లోనో, సీసీ అంటే ఇక్కడ వేగం స్థాయి. 150 పెట్టండి. మొదటి ట్రాక్ మారియో కార్ట్ స్టేడియం చాలు. చెయ్యి తిరిగినవాడు రెండు నిమిషాల లోపే వచ్చేస్తాడు, కొత్తవాడు గోడలన్నీ పలకరించుకుంటూ వస్తాడు. పళ్లు కనబడిపోతాయి.

కాకపోతే ఎప్పుడూ కంట్రోలర్ పట్టనివాడిని నేరుగా టైమ్ ట్రయల్‌కి కూర్చోబెట్టడం కూడా తప్పే. అందుకని ముందురోజు సాయంత్రం అందరినీ పిలవండి. నా లెక్క 32 మంది పిల్లలకి, రెండు స్విచ్‌లకి. ఒక్కో స్విచ్ మీద నలుగురు, అంటే విడతకి ఎనిమిది మంది. నాలుగు విడతలు, ఒక్కోటి 20 నిమిషాలు. గంటా ఇరవై నిమిషాల్లో అందరి చెయ్యీ కాస్త తిరుగుతుంది. తర్వాత ఒక్కొక్కరికీ ఒక టైమ్ ట్రయల్, ఇంకో ముప్పావు గంట. ఈ సాయంత్రం వద్దనుకుంటే పోటీయే వద్దు. ఇంట్లో మెషీన్ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఉన్న దూరాన్ని మీరు 20 నిమిషాల్లో పూడ్చలేరు, కానీ ఏ బటన్ నొక్కితే బండి కదులుతుందో తెలియకుండా వాణ్ణి జనం ముందు కూర్చోబెట్టకుండా ఉండగలరు.

ఆ టైములతో జతలు కట్టండి. స్కూలుకి నలుగురు, ఎనిమిది స్కూళ్లు. ప్రతి స్కూల్లో అందరికన్నా వేగంగా వచ్చినవాడికి అందరికన్నా నెమ్మదిగా వచ్చినవాణ్ణి, మధ్యవాళ్లిద్దరినీ ఒకరికొకరిని. స్కూలుకి రెండు జతలు, మొత్తం 16. జతలో ఇద్దరూ తోలాల్సిందే, చెరో రేసు. ఒక ఎద్దే లాగి రెండోది ఊరికే నడిస్తే కాడి వంకరపోతుంది. స్కూళ్లు చేసే మొదటి పని వాళ్ల స్టార్ కుర్రాడి చేతే అన్ని రేసులూ తోలించడం. ఆ రూలు లేకపోతే రెండోవాడు చప్పట్లు కొట్టడానికే వచ్చినట్టు.

ఇప్పుడు బండ.

"అందరికీ అదే గేమ్ కదా" అంటారు. గేమ్ ఒకటే, బండ ఒకటి కాదు! స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్ జాయ్‌కాన్‌ని అడ్డంగా పట్టుకున్నవాడికీ, పెద్ద ప్రో కంట్రోలర్ పట్టుకున్నవాడికీ పోలికే లేదు. చిన్న జాయ్‌కాన్ పైనున్న ఆ బుల్లి బటన్లు పెద్దవాళ్ల వేళ్లకే అందవు. అందరికీ ఒకే రకం ఇవ్వండి, మంచివి లేకపోతే అందరికీ చెత్తవే ఇవ్వండి. ఎవరూ ముట్టుకోకుండానే బండి తిప్పే కర్ర పక్కకి లాగే జాయ్‌కాన్‌లు ఉంటాయి, వాటిని ముందురోజే తీసి పక్కన పెట్టండి. రెండు టీవీల్లోనూ గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే ఒక టీవీలో నొక్కిన కాసేపటికి బండి తిరుగుతుంది. ఇద్దరు ఆడితే ఈ గేమ్ సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 చిత్రాలు, నడుస్తుంది, ముగ్గురు నలుగురైతే 30. కాబట్టి ఒక రేసు ఇద్దరితో, ఇంకోటి నలుగురితో పెట్టి రెండూ సమానం అనకండి.

బళ్లు కూడా. ఇందులో బండి భాగాలు నాణేలు పోగుచేస్తే వస్తాయి. మీ స్విచ్‌లో ఉన్నవి మీ బావగారి స్విచ్‌లో ఉండకపోవచ్చు. అందుకే అందరికీ స్టాండర్డ్ కార్ట్. బండి తోలే బొమ్మ మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేయండి. బొమ్మ బరువుని బట్టి వేగం కొంచెం మారుతుంది, నాకు తెలుసు, అయినా ఏడేళ్ల పిల్లకి నచ్చిన ప్రిన్సెస్ బొమ్మ లాగేసుకునేంత న్యాయం నాకు అక్కర్లేదు.

స్మార్ట్ స్టీరింగ్ గురించి గొడవలు జరుగుతాయి. బండి బాట దిగిపోకుండా గేమే కాస్త తిప్పి పెడుతుంది. ఆన్‌లో ఉంటే బండి వెనక చిన్న యాంటెన్నా కనిపిస్తుంది, రిఫరీ అది చూసి చెప్పేయొచ్చు. "అది చీటింగ్ కదండీ" అని ఒక నాన్నగారు నాతో వాదించారు. పాలపళ్ల గిత్తకి చిన్న బండ కట్టడం చీటింగా? పైగా అది ఆన్‌లో ఉంటే కొన్ని అడ్డదారులు తొక్కనివ్వదు, కాబట్టి బాగా ఆడేవాడే దాన్ని తీసేయమంటాడు. పిల్లల ఇష్టం.

ఐటమ్స్. బండలాగుడులో మధ్యలో గిత్త కాళ్ల కింద ఎవరూ అరటితొక్క వేయరు, ఇక్కడ నా పోలిక కొంచెం తేలిపోతుంది, ఒప్పుకుంటాను. ఈ ఆటలో వెనకబడిన కొద్దీ గట్టి ఐటమ్స్ వస్తాయి. ముందున్నవాడి నెత్తిన బ్లూ షెల్ (మొదటి స్థానంలో ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వచ్చి పేలే నీలం చిప్ప) పడుతుంది. ఒక్క రేసుతో విజేతని తేలిస్తే అది లాటరీ. తీసేసే వీలు సెట్టింగ్స్‌లో ఉంది, కానీ తీసేస్తే వెనకవాడు మొదటి మలుపు నుంచీ వెనకే, రేసంతా ఒంటరిగా తోలుకుంటాడు. నేను ఉంచేస్తాను, రేసుల సంఖ్య పెంచుతాను. అదృష్టం ఒక రేసులో మోసం చేస్తుంది, పది రేసుల్లో అలసిపోతుంది.

పది ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఈ వీడియోలో నాకు బాగా ఇష్టమైన ముక్క ఇదే.

16 జట్లు ఒకరితో ఒకరు విడివిడిగా ఆడాలంటే 120 ఆటలు. ఆదివారం చాలదు. కానీ మన రేసులో ఒకేసారి నలుగురు. నలుగురేసి చొప్పున అయిదు రౌండ్లు నడిపితే ప్రతి జట్టూ మిగతా 15 జట్లతోనూ సరిగ్గా ఒక్కసారి కలుస్తుంది. రెండుసార్లు ఎవరితోనూ కాదు, అసలు కలవకుండా ఎవరితోనూ కాదు. రౌండుకి ముగ్గురు, అయిదు రౌండ్లకి 15. అంకెలు ఇంత చక్కగా కుదిరినప్పుడు నాకు గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ తగిలినట్టు ఉంటుంది.

కాగితం మీద 1 నుంచి 16 దాకా నాలుగు వరుసలుగా రాయండి. మొదటి రౌండ్‌కి అడ్డవరుసలు, రెండో రౌండ్‌కి నిలువువరుసలు. మిగతా మూడు స్క్రీన్ మీద పెడుతున్నా, పాజ్ చేసి రాసుకోండి.

[స్క్రీన్ మీద:
మూడో రౌండ్: 1, 6, 11, 16 / 2, 5, 12, 15 / 3, 8, 9, 14 / 4, 7, 10, 13
నాలుగో రౌండ్: 1, 7, 12, 14 / 2, 8, 11, 13 / 3, 5, 10, 16 / 4, 6, 9, 15
అయిదో రౌండ్: 1, 8, 10, 15 / 2, 7, 9, 16 / 3, 6, 12, 13 / 4, 5, 11, 14]

నమ్మకం లేకపోతే ఏదో ఒక అంకె పట్టుకుని సరిచూసుకోండి. నేను 7 పట్టుకుని చూశాను, తర్వాత అనుమానమొచ్చి 13 కూడా చూశాను.

ఇక్కడ చిట్టీకి పని ఉంది. ఏ స్కూలుకి ఏ అంకెలో చిట్టీ తీయండి. కాకపోతే ఒకే స్కూల్ రెండు జతలకీ పక్కపక్క అంకెలివ్వండి, 1-2, 3-4, అలా. అప్పుడు వాళ్లిద్దరూ మొదటి రౌండ్‌లోనే కలిసిపోతారు. ఆఖరి రౌండ్‌లో కలిస్తే "నువ్వు ఆగరా, నేను గెలుస్తా" అనే ఒప్పందాలు పుడతాయి. పెద్దల చదరంగంలోనే, ప్రపంచ చాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీలో, ఒకే దేశం వాళ్లని ముందు రౌండ్లలోనే ఆడించేస్తారు. పిల్లలకి ఆ ఆలోచన రాకపోవచ్చు. వెనక నిలబడ్డ సార్లకి వస్తుంది.

రౌండుకి ఒక్కో నలుగురికీ రెండు రేసులు, జతలో చెరొకరు, 100 సీసీలో. ఒక రౌండ్‌లో అందరికీ అవే ట్రాకులు, పేర్లు ముందురోజే చెప్పేయండి. రెయిన్‌బో రోడ్ మాత్రం పెట్టకండి, పిల్లలు తోలే టైము కన్నా కింద పడే టైమే ఎక్కువ. ఆ రెండు రేసులూ కలిపి ఒక పోటీ. మొత్తం 20 పోటీలు, పోటీకి పది నిమిషాలు, రెండు స్విచ్‌లు, 100 నిమిషాలు. నాకౌట్‌లో మా మేనల్లుడు సమోసాతో కూర్చున్న టైము కన్నా తక్కువ! ఇందులో ప్రతి జట్టుకీ పది రేసులు, ప్రతి పిల్లాడికీ అయిదు.

పాయింట్లు 4, 3, 2, 1. గేమ్ చూపించే అంకెలు పట్టించుకోకండి. ఒక జట్టుకి ఎక్కువలో ఎక్కువ 40, ఎంత ఓడినా 10. సున్నాతో ఎవరూ ఇంటికి వెళ్లరు, ఇది నేను కావాలనే పెట్టాను. సమానమైతే? ప్రతి రెండు జట్లూ ఒకసారి కలిశాయి కదా, ఆ రోజు ఆ పోటీలో ఎవరు ముందో చూడండి. అదీ సమానమైతే ముందురోజు టైమ్ ట్రయల్‌లో ఇద్దరి టైములు కలిపి, తక్కువ ఉన్నవాళ్లు పైన. ఇది పొద్దున్నే బోర్డు మీద రాయాలి. సమానమయ్యాక రూలు పెడితే ఎంత మంచి రూలైనా ఎవరూ నమ్మరు.

15 జట్లే వస్తే? ఒక అంకె ఖాళీగా వదిలేయండి. అది దయ్యం జట్టు, ఎప్పుడూ ఆఖరే. ప్రతి జట్టూ ఆ దయ్యంతో కూడా సరిగ్గా ఒక్కసారే కలుస్తుంది కాబట్టి ఎవరికీ లాభమూ లేదు, నష్టమూ లేదు. 14 వచ్చినా రెండు దయ్యాలు, అదే లెక్క. అంతకన్నా తగ్గితే కొన్ని రేసులు బోసిపోతాయి, అప్పుడు వేరే పట్టిక కావాలి.

అమ్మో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా చెప్పేస్తా.

రిఫరీ ఆడుతున్న నాలుగు జట్ల స్కూళ్లవాళ్లు కాకూడదు. కంట్రోలర్ కనెక్షన్ పోతే, మొదటి ల్యాప్ లోపలైతే మళ్లీ మొదలు. తర్వాతైతే ఆ క్షణంలో ఉన్న స్థానాలే లెక్క. తెర నాలుగు ముక్కల్లో ఎవరిది ఏ మూలో చిట్టీ. తల్లిదండ్రులు టీవీ నుంచి పది అడుగుల వెనక, "లెఫ్ట్ రా, లెఫ్ట్!" అని అరిచిన నాన్నగారికి మొదటిసారి నవ్వుతూ చెప్పండి, రెండోసారి టీ తాగడానికి పంపండి. పిల్లల ఫొటోలు, పేర్లు బయటపెట్టే ముందు ఇంట్లోవాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి. ఎంట్రీ ఫీజు పోగుచేసి గెలిచినవాడికి డబ్బు ఇవ్వడం వద్దే వద్దు, పెన్సిల్ బాక్సులు చాలు, అందరికీ ఒకటే.

ఏడ్చేవాడు ఒకడు ఉంటాడు. వాడికి ఇంకా ఎన్ని రేసులున్నాయో చెప్పండి. నాకౌట్‌లో ఆ మాట చెప్పడానికి వీలుండదు.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇదే పద్ధతిలో నడిపాను. మా మేనల్లుడి జట్టుకి 21 పాయింట్లు వచ్చాయి, తొమ్మిదో స్థానం. సమోసా తినడానికి టైమ్ దొరకలేదని ఇంటికెళ్లాక గొడవ చేశాడట.

ఆ, ఇంకొకటి. ఎక్స్‌టెన్షన్ బాక్సు రెండు తీసుకెళ్లండి. నేను ఒకటే తీసుకెళ్లాను.