ముందుమాట కంటే ముందు

శ్రోతలకు నమస్కారం. అచ్చుకు ముందు పుస్తకానికి ఎడిటింగ్ ఎందుకు కావాలో ఈరోజు మాట్లాడుకుందాం.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ఈ రెండూ దగ్గరపడుతున్నాయంటే కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కట్టే డీటీపీ సెంటర్లలో అర్ధరాత్రి దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కవులు, కథకులు, రిటైరయ్యాక ఆత్మకథ రాసుకున్న మాస్టార్లు, అందరిదీ ఒకటే తొందర. స్టాల్లోకి పుస్తకం వచ్చెయ్యాలి. ముఖచిత్రం సిద్ధమైపోయింది. ఆవిష్కరణకు హాలు మాట్లాడేశారు. వక్తలు ఒప్పుకున్నారు. శాలువాలు కూడా తెచ్చి బీరువాలో పెట్టారు. పుస్తకాన్ని మాత్రం ఇంకా ఎవరూ చదవలేదు.

ఈ మాటంటే రచయితలకు కోపం వస్తుంది. "అదేమిటండీ, మూడుసార్లు ప్రూఫులు చూశాను కదా" అంటారు. చూశారు, కాదనను. కానీ ప్రూఫులు చూడటం వేరు, ఎడిటింగ్ వేరు. రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టు పేజీలోకి ఎక్కిందా లేదా అని చూసేది ప్రూఫు. అసలు రాతప్రతిలో అది ఉండాలా, ఉంటే అక్కడే ఉండాలా అని అడిగేది ఎడిటింగ్. పైగా ఎవరి ప్రూఫు వాళ్ళు చూసుకుంటే దొరికేవి కూడా దొరకవు. తాను రాసిన వాక్యం రచయితకు కంఠతా వచ్చి ఉంటుంది. అందులో ఒక మాట ఎగిరిపోయినా మనసు దాన్ని పూరించుకుని ముందుకు వెళ్ళిపోతుంది.

మన దగ్గర పుస్తకం అచ్చయ్యే దారి ఎలా ఉంటుందో చూడండి. రచయిత రాస్తారు, ఈమధ్య చాలామంది ఫోన్లోనే రాస్తున్నారు. దాన్ని వాట్సాప్‌లో డీటీపీ చేసే అబ్బాయికి పంపిస్తారు. అతను పేజీలు కట్టి ప్రింటు తీసి ఇస్తాడు. రచయిత ఎర్ర సిరాతో దిద్ది ఇస్తే, ఆ దిద్దుబాట్లు చేసి ప్రెస్సుకు పంపేస్తారు. ఈ దారి పొడుగునా ఎడిటర్ అనే మనిషి ఎక్కడా తగలడు. ఎందుకంటే చాలా పుస్తకాలకు పెట్టుబడి రచయితదే. సొంత డబ్బుతో సొంత పుస్తకం వేసుకుంటున్న పెద్దమనిషికి "అయ్యా, ఈ అధ్యాయం తీసేయండి" అని ఎవరు చెబుతారు? డీటీపీ అబ్బాయి చెప్పడు, అతనికి పేజీకి ఇంత అని లెక్క. ప్రెస్సాయన చెప్పడు, ఫారాలు, అంటే ఒక్కో విడతకు అచ్చయ్యే పేజీల కట్టలు, పెరిగితే ఆయనకే లాభం.

ముందుమాటలు రాసేవాళ్ళు చెప్పొచ్చు. తెలుగు పుస్తకం తెరిస్తే మూడు, నాలుగు ముందుమాటలుంటాయి. అన్నీ పేరున్నవాళ్ళవే. అంటే అచ్చుకు ముందే నలుగురు మంచి చదువరుల చేతుల్లోకి ఆ రాతప్రతి వెళ్ళిందన్నమాట. ఇంతకంటే అదృష్టం ఏముంది? కానీ వాళ్ళకది అందేది పుస్తకం ప్రెస్సుకు వెళ్ళే వారంలో. అడిగేది రెండు పేజీల ఆశీర్వచనం. వాళ్ళకు లోపాలు కనబడే ఉంటాయి. కొందరు ఆ సంగతి ముందుమాటలోనే చాలా సుకుమారంగా సూచిస్తారు కూడా. "రచయిత మరికొంత నిగ్రహం పాటిస్తే" అని ఒక వాక్యం ఎక్కడో మూలన ఉంటుంది. ఆ నిగ్రహం ఏ పేజీలో పాటించాలో రెండు నెలల ముందు చెప్పించుకుని ఉంటే ఆ వాక్యం అచ్చెయ్యాల్సిన అవసరమే ఉండేది కాదు.

సరే, ఎడిటర్ దొరికాడనుకుందాం. అతను చేసే పనేమిటి? చాలామంది అనుకునేది అక్షరదోషాలు దిద్దడమని. అది చిట్టచివరి పని. నా మటుకు నేను మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ ముట్టుకోను. రెండోసారి పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుంటాను. నవలైతే ఎవరెవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి వయసెంత, ఏ అధ్యాయం ఏ నెలలో జరుగుతోంది అని రాసుకుంటూ పోతాను. దీపావళి రాత్రి పండువెన్నెల్లో నాయికా నాయకులు డాబా మీద కబుర్లు చెప్పుకుంటుంటే అది అమావాస్య అని గుర్తుచేసేది ఆ నోటుబుక్కే. ఇలాంటివి తేలిక, ఒక్క గీతతో పోతాయి.

వరసలు అంత తేలిగ్గా తేలవు. ఒక నవల సంగతి చెబుతాను. పేర్లు మార్చాను. మూడో అధ్యాయంలో సుజాత అనే అమ్మాయి రాజయ్యను "బాబాయ్" అని పిలుస్తుంది. పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి అదే రాజయ్యను "మావయ్యా" అంటుంది. పద్నాలుగో అధ్యాయంలో రాజయ్య కొడుకుతో సుజాతకు పెళ్ళి. ఇప్పుడు మూడో అధ్యాయం గుర్తున్న తెలుగు పాఠకుడి గతేమిటి? బాబాయి కొడుకంటే తమ్ముడో అన్నో అవుతాడు. కథ అక్కడే చచ్చిపోతుంది.

మూడో అధ్యాయంలో ఆ ఒక్క పిలుపు మార్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. రచయిత్రి కూడా అదే అన్నారు. కానీ ఆరో అధ్యాయంలో సుజాత నాన్నకూ రాజయ్యకూ పొలం గొడవ ఉంది. అన్నదమ్ముల పంపకం, గట్టు తగాదా, పెద్దమనుషుల పంచాయతీ, అన్నీ చాలా బాగా రాశారు. అంటే ఆవిడకు తగాదా దగ్గర రాజయ్య తమ్ముడై ఉండాలి, పెళ్ళి దగ్గర బావమరిది అయి ఉండాలి. ఒకే మనిషి చేత రెండు చుట్టరికాలు మోయిస్తున్నారు. వరస తప్పడం పైకి కనిపించేది, అసలు ఇబ్బంది కథ నడకలోనే ఉంది.

ఎడిటర్‌గా నేను అడిగింది ఒకటే. "రాజయ్య ఎవరో ముందు తేల్చండమ్మా, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాను. పరిష్కారం ఆవిడకే తట్టింది. ఆ పొలం సుజాత తల్లికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇస్తామన్న పొలం. సుజాత తాత పోయాక, తల్లికి అన్న అయిన రాజయ్య దాన్ని రాసివ్వకుండా సాగదీస్తున్నాడు. ఇప్పుడు రాజయ్య మొదటినుంచీ మేనమామే. తగాదా అలాగే ఉంది, పంచాయతీ అలాగే ఉంది. పైగా కొడుక్కి సుజాతను చేసుకుంటాననడంలో రాజయ్య లెక్క ఏమిటో పాఠకుడికి అనుమానం మొదలవుతుంది. పెళ్ళితో పొలం ఆ ఇంట్లోనే ఉండిపోతుంది కదా. చప్పగా ఉన్న పద్నాలుగో అధ్యాయానికి ఉప్పూకారం తగిలాయి. నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు, రాయకూడదు కూడా.

ఇంకో రకం పుస్తకాలున్నాయి. వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ కటింగులే డీటీపీకి వెళ్ళి నవలైపోయినవి. సీరియల్‌కు దాని ధర్మం దానికుంది. వారం గ్యాప్ వచ్చింది కాబట్టి ప్రతి భాగం మొదట్లో జరిగినదాన్ని రెండు ముక్కల్లో గుర్తుచెయ్యాలి. వచ్చేవారం పత్రిక కొనిపించాలి కాబట్టి చివర తలుపు చప్పుడవ్వాలి, లేదా ఫోన్ మోగాలి. అది పుస్తకంగా చదువుతుంటే పది పేజీలకోసారి ఫోన్ మోగుతూనే ఉంటుంది. రెండు పేజీల కింద చదివిందే మళ్ళీ గుర్తుచేస్తారు. ఆ అతుకులన్నీ విప్పి కుట్టాలి, చాలాచోట్ల రెండు భాగాలు ఒకటే అధ్యాయం కావాలి. ఇది చెయ్యకుండా అచ్చేసిన నవలలు మన గ్రంథాలయాల్లో బోలెడున్నాయి.

ఎడిటింగ్ అనగానే కోత అనుకుని భయపడేవాళ్ళకు గురజాడ అప్పారావుగారి సంగతి చెప్పాలి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మంచి పేరే వచ్చింది. ఇంకొకరైతే అక్కడితో సంతృప్తి పడి ఊరుకునేవాళ్ళు. ఆయన దాన్ని మళ్ళీ తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. 5 అంకాల నాటకం 7 అంకాలైంది. పాత్రలు పెరిగాయి, ఉన్న పాత్రలు బలపడ్డాయి. ఈరోజు మనం కన్యాశుల్కం అని చదివేది, ఆడేది, మాటల మధ్యలో వాడుకునేది ఆ రెండో కూర్పునే. మధురవాణి మనకు తెలిసిన మధురవాణి అయింది ఆ తిరగరాతలోనే. నాటకం పొడుగు పెరిగిందని ఎవరన్నా ఫిర్యాదు చేశారా? ఎక్కడ తగ్గించాలో చెప్పినట్టే, "ఇక్కడ చాల్లేదు, ఇంకా రాయండి" అని చెప్పడం కూడా ఎడిటర్ పనే. చెప్పాలంటే అదే కష్టమైన పని.

ఎడిటర్ చెయ్యి ఎంతవరకు వెళ్ళొచ్చు అన్నది ఎప్పుడూ తెగని తగువు. రచయిత బతికి లేనప్పుడు ఒక పద్ధతి ఉంది. తెలుగు పుస్తకాల మీద పనిచేసిన ఇంగ్లీషు అధికారి సి.పి.బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులకు నకళ్ళు రాయించాడు, ఒక ప్రతితో ఇంకో ప్రతిని పోల్చి చూడమన్నాడు. నకలు రాసిన లేఖకుడు తప్పు రాశాడా, కవి రాసిందే అంతా అన్నది ప్రతులు పక్కపక్కన పెడితేనే తేలేది. 1829లో 693 వేమన పద్యాలు అచ్చువేసి, మరిన్ని ప్రతులు చూసి 1839లో 1164 పద్యాలతో ఇంకో కూర్పు తెచ్చాడు. అక్కడ ప్రతులు సరిచూసే పరిష్కర్తకు ఆ ప్రతులే సాక్ష్యం. బతికున్న రచయిత విషయంలో అంత తంటా లేదు, ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అడగరు. అడక్కుండా దిద్దేసే అలవాటు వల్లే ఎడిటర్లకు చెడ్డపేరు వచ్చింది.

ముఖ్యంగా యాసల దగ్గర. ఒక తెలంగాణ కథకుడు "ఏమైతది, ఎట్లయితే అట్లయితది" అని రాస్తే, ప్రూఫులు దిద్దే ఆయన "ఏమవుతుంది, ఎలాగైతే అలాగవుతుంది" అని మార్చిన రోజులున్నాయి. శ్రీకాకుళం కథలకూ, రాయలసీమ కథలకూ ఇదే మర్యాద జరిగింది. నాలుగు కోస్తా జిల్లాల పలుకుబడి తప్ప మిగతావన్నీ తప్పులన్నట్టు! ఇప్పుడు పరిస్థితి చాలా మారింది, సంతోషం. అయితే యాసను ముట్టుకోకూడదని చెప్పి ఎడిటర్ చేతులు కట్టుకుని కూర్చోవడమూ తప్పే. ఒక ముసలమ్మ మొదటి పేజీలో "వస్తున్న" అని, మూడో పేజీలో "వస్తున్నాను" అని, ఐదో పేజీలో "వత్తున్న" అని అంటే ఆమె ఏ ఊరిదో పాఠకుడికి తెలీదు. రచయితను అడిగి తేల్చుకోవాలి. ఒక్కోసారి కావాలనే మార్చి ఉంటారు. కలెక్టరు ముందు ఒకలా, కోడలి ముందు ఒకలా మాట్లాడుతుందేమో ఆమె.

డీటీపీ సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. ఫోన్లో మనం టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవడానికి వీలైన అక్షరాల పద్ధతి. చాలా డీటీపీ సెంటర్లలో పేజీలు కట్టేది "అను" అనే వేరే రకం ఫాంట్లలో. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు అక్షరాలు ఒరుసుకుంటాయి. "ఫేస్‌బుక్" అన్న మాటలో స కింద బ ఒత్తు పడి కూర్చుంటుంది. ఇవి రచయిత తప్పులు కావు, అందుకే ఆయన కంటికి ఆనవు. కాబట్టి ప్రూఫును అసలు రాతప్రతితో మాట మాటకూ పోల్చి చూసుకోవాలి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. ఇంకో మాట. పేజీలు కట్టాక అధ్యాయాలు మార్చకండి. పుస్తకం మామూలుగా 16 పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది. రెండు పేరాలు పెంచితే వెనక పేజీలన్నీ జరుగుతాయి, రెండు పేజీలు ఎక్కువై కొత్త ఫారంలోకి దూకితే ఖర్చు పెరుగుతుంది, లేదా వెనక ఖాళీ కాగితాలు మిగులుతాయి. కోసేది, పెంచేది అంతా పేజీలు కట్టకముందే అయిపోవాలి.

ఎడిటర్‌కు ఇవ్వడానికి డబ్బు లేదంటారా? నిజమే, చాలామందికి ఉండదు. మీకు బాగా చదివే స్నేహితులు ఒకరిద్దరు ఉంటారు కదా. పుస్తకం బయటికి రావడానికి కనీసం రెండు మూడు నెలల ముందు వాళ్ళకు ఇవ్వండి. ఫోన్లో ఫైలు పంపకండి, చదవరు. ప్రింటు తీసి, పక్కన మార్జిన్ బాగా వదిలి, ఒక పెన్సిల్‌తో సహా ఇవ్వండి. ఇచ్చాక "ఎలా ఉంది?" అని మాత్రం అడక్కండి. "బాగుంది" అంటారు, మన మర్యాదలో ఇంకో జవాబు లేదు. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ పక్కనపెట్టి టీ తాగడానికి లేచారో, ఎక్కడ వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వచ్చిందో అక్కడ ఒక గీత పెట్టమనండి. కారణం రాయక్కర్లేదు. ఇద్దరూ ఒకే పేజీలో గీత పెడితే ఆ పేజీతో మీరు మళ్ళీ కూర్చోవాల్సిందే. ఒక్కరే పెడితే మీ ఇష్టం.

సెలవు. నమస్కారం.