ట్యాంకు మూత తీసే ముందు

అందరికీ నమస్కారం. నీళ్లు చేరిన బండి ట్యాంకులోంచి పెట్రోల్ జాగ్రత్తగా ఎలా తీయాలో కాలనీ పెద్దలు పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాకు మైకు అలవాటు లేదు, చేతిలో స్పానర్ ఉంటేనే నోరు పెగులుతుంది. అందుకే ఈ రబ్బరు పంపూ, రెండు డబ్బాలూ వెంట తెచ్చుకున్నాను.

2024 సెప్టెంబరు గుర్తుందిగా. బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక నా షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. ట్యాంకు మూతకు గాలి ఆడే సన్న రంధ్రం ఉంటుంది. బండి మునిగితే అందులోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. అంతమందికీ చేసిపెట్టే తీరిక నాకు లేకపోయింది, కొందరు ఇంటి దగ్గరే ట్యాంకు ఖాళీ చేసుకున్నారు. ఎలా తీశారన్నా అని అడిగితే చాలామంది చెప్పింది ఒకటే: పైపు పెట్టి నోటితో లాగాం.

నేనూ లాగినవాణ్నే. అప్పుడు నాకు పదహారేళ్లు, ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. పైపులో పెట్రోల్ ఎంతవరకు వచ్చిందో కనిపించలేదు, ఒక్కసారిగా నోరు నిండింది. మింగింది కొంచెమే, కానీ దగ్గు వారం రోజులు వదల్లేదు. పెట్రోల్ నీళ్లకన్నా పలచన. గుటక తప్పితే ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడ వాపు తెస్తుంది. పక్కనున్న ఒకాయన నా గొంతులో వేలు పెట్టి కక్కించబోయాడు. అది ఇంకా ప్రమాదం, కక్కేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, నోరు పుక్కిలించమని చెప్పి 108కి ఫోన్ చేయండి.

ఇక నిప్పు సంగతి. మనం పెట్రోల్‌నే చూస్తాం, అంటుకునేది దాని ఆవిరి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరి వదులుతుంది, మన బెజవాడ ఎండలో ఇక చెప్పాలా! ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లానికి, కాలువలోకి చేరుతుంది. అందుకే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని వద్దే వద్దు. మీరు సిగరెట్ ముట్టించకపోవచ్చు, కానీ మూలనున్న సంపు మోటార్ తనంతట తానే ఆన్ అవుతుంది. ఆ స్విచ్‌లో వచ్చే నిప్పురవ్వ చాలు.

పగటి పూట, ఆరుబయట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. మూత తీయకముందే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. పక్కన ఒక మనిషీ, ఒక బకెట్ ఇసుకా ఉండాలి. మంటలార్పే పొడి చల్లే సిలిండర్ ఉంటే మరీ మంచిది. నీళ్లు మాత్రం పోయకండి, పెట్రోల్ నీటి మీద తేలుతూ మంటను వెంటేసుకుపోతుంది.

బాత్‌రూమ్ ప్లాస్టిక్ బకెట్‌లో పడతారు చాలామంది. పెట్రోల్ పైనుంచి ధారగా పడితే స్టాటిక్ కరెంటు పుడుతుంది, ప్లాస్టిక్‌లో అది నేలకు దిగే దారి ఉండదు. మూత బిగిసే ఇనుప డబ్బా తీసుకోండి. నేల మీదే పెట్టండి, స్టూలు మీద కాదు. పైపు చివర డబ్బా అడుగుకు తగలాలి, జల్లుగా పడకూడదు.

పాత కార్బురేటర్ బండికి ట్యాంకు కింద పెట్రోల్ ట్యాప్ ఉంటుంది. ట్యాప్ ఆఫ్‌లో పెట్టి, క్లిప్ జరిపి, కార్బురేటర్‌కు వెళ్లే పైపు ఊడదీసి దాని చివర డబ్బాలో పెట్టండి. ఇప్పుడు ట్యాప్ రిజర్వ్‌కు తిప్పితే పెట్రోల్ దానంతటదే దిగుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6, అంటే కొత్త పొగ నిబంధనల బండ్లు చాలావరకు ఇంజెక్షన్‌వి, పెట్రోల్‌ను పంపు ఒత్తిడితో ఇంజిన్‌కు చిమ్మేవి. వాటికి ట్యాప్ ఉండదు, పంపు ట్యాంకులోనే ఉంటుంది. అక్కణ్నుంచి ఇంజిన్‌కు వెళ్లే పైపులో పెట్రోల్ ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి లాగితే ముఖాన చిమ్ముతుంది. దాన్ని ముట్టుకోకుండా పైనుంచి ఈ పంపుతో తోడండి, మిగిలింది మెకానిక్‌కు వదిలేయండి. కార్లలో అయితే చాలావాటికి పైపు లోపలికే పోదు, అది పూర్తిగా షెడ్డు పని.

తీసిన దాంట్లో కొంచెం చిన్న గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లు చేరి ఉంటే అడుగున వేరే పొర, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. నీళ్లు ఆ ఇథనాల్‌ను తమతో కిందికి లాక్కుంటాయి. అందుకే ఒక్కోసారి అడుగు పొర, లోపలికి పోయిన నీళ్లకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఇంజిన్‌కు ముందు వెళ్లేదీ ఆ అడుగుదే. పైది తేరింది కదా అని మళ్లీ బండిలో పోయకండి, ఇథనాల్ పోయాక అది మునుపటి పెట్రోల్ కాదు.

అలాగని మురిక్కాలువలోనూ పారబోయకండి. మూత బిగించి, నీడలో, పిల్లలకు అందకుండా ఉంచి మర్నాడు షెడ్డుకు తెచ్చేయండి. ఖాళీ అయిన ట్యాంకును చూసి నిశ్చింతగా ఉండకండి. పెట్రోల్ పోయినా ఆవిరి లోపలే ఉంటుంది, చిల్లు పడిందని దానికి నేరుగా వెల్డింగ్ పెడితే బాంబులా పేలుతుంది.

పంపు ఎలా నొక్కాలో చూడాలనుకున్నవాళ్లు ముందుకు రండి. భయపడకండమ్మా, ఈ డబ్బాలో ఉన్నవి కుళాయి నీళ్లే.