ముందు చక్రాల తూకం

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నేను విశాఖ హార్బరులో చాలా ఏళ్లు క్రేన్ల మరమ్మతు పని చేశాను. ఇప్పుడు పద్మనాభం దగ్గర మామిడితోట చూసుకుంటున్నాను. క్రేను నడిపేవారి కళ్ల ముందు ఒక పట్టిక ఉంటుంది. బూమ్, అంటే క్రేను పొడవాటి చేయి, దగ్గరగా ఉంటే ఎంత ఎత్తవచ్చో, చాచితే ఎంతో అందులో రాసి ఉంటుంది. క్రేను అదే, ఇంజను అదే. చాపు పెరిగేకొద్దీ ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది. నీళ్ల బిందెను చంకలో పెట్టుకుని మైలు దూరం నడిచే మనిషి, చేయి చాచి దాన్ని నిమిషం కూడా పట్టుకోలేడు కదా!

సొంత ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి నేను ఆ పట్టికను మరిచిపోయాను. నాది 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టరు. వెనక పనిముట్టును ఎత్తే లిఫ్ట్ సామర్థ్యం 750 కిలోలని కాగితంలో ఉంది. మందు కొట్టడానికి వెనక తగిలించే 300 లీటర్ల ట్యాంకు కొన్నాను. నీళ్లు 300 కిలోలు, ట్యాంకు, పంపు, ఫ్రేము కలిపి 70. మొత్తం 370. సామర్థ్యంలో సగానికి లోపే కదా అని ధైర్యంగా నింపాను. తోటలో ఎగువకు ఎక్కుతుండగా స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయింది. ఎంత తిప్పినా బండి మళ్లలేదు. ముందు చక్రాలు నేలను తాకీ తాకనట్టున్నాయి. ట్యాంకును నేలకు దించాకే అవి కుదురుకున్నాయి.

ఎందుకలా జరిగిందో ఇంటికి వచ్చి లెక్క వేశాను. ట్రాక్టరు బరువు 800 కిలోలు, అందులో ముందు చక్రాల మీద పడేది 320. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం మీటరున్నర. ట్యాంకు బరువు వెనక ఇరుసుకు 1.1 మీటర్ల వెనక పడుతోంది. 370ని 1.1తో గుణించి 1.5తో భాగిస్తే 271. ముందు చక్రాల మీద నుంచి అంత బరువు లేచిపోయిందన్నమాట. మిగిలింది 49 కిలోలు, అదీ చదును నేల మీద! ట్రాక్టరు సొంత బరువులో కనీసం ఐదో వంతు ఎప్పుడూ ముందు చక్రాల మీద ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. నా బండికి అది 160. నూనె ఒత్తిడితో లిఫ్ట్‌ను లేపే హైడ్రాలిక్స్‌ది ఏ తప్పూ లేదు, ఎత్తమన్న బరువును ఎత్తింది. చాలనిది ముందు బరువు.

అదే ట్యాంకులో సగమే నింపితే మొత్తం 220 కిలోలు. అప్పుడు లేచేది 161, మిగిలేది 159. చదును నేల మీద దాదాపు సరిపోతుంది. సగం ట్యాంకులో నీళ్లు ఊగుతాయి కాబట్టి లోపల అడ్డుపలకలున్న ట్యాంకు చూసి కొనండి. నిండు ట్యాంకే కావాలంటే ముందు ఇరుసుకు అర మీటరు ముందుగా 83 కిలోల దాకా బరువులు తగిలించాలి. ఇంత చిన్న బండికి అది ఎక్కువ భారం. అంతకంటే సొంత చక్రాలున్న, వెనక లాక్కుపోయే ట్యాంకు మేలని నా అభిప్రాయం.

ఇక 750 అనే అంకె సంగతి. లిఫ్ట్‌ను లోయర్ లింకుల, అంటే పనిముట్టును మోసే కింది రెండు చేతుల, చివర కొలిచేది ఒక పద్ధతి. అక్కడి నుంచి 610 మిల్లీమీటర్లు వెనక కొలిచేది మరొకటి. మామూలుగా రెండో అంకె తగ్గుతుంది. మీ పనిముట్టు బరువు పడేది లింకుల చివర కాదు, దానికి వెనకే. కనుక ఎక్కడ కొలిచారో డీలరును తప్పకుండా అడగండి. చెప్పలేకపోతే, అది లింకుల చివరి అంకె అనుకోవడమే క్షేమం.

మట్టిని తిరగేసి పొడి చేసే రోటావేటర్ తీసుకునేటప్పుడు, ఇంజను నుంచి దాన్ని తిప్పే పీటీఓ శక్తి చాలుతుందా అని అందరూ అడుగుతారు, అది మంచిదే. కానీ తడి మట్టి మూత లోపల అంటుకుంటే బరువు పెరుగుతుందన్నది చాలామంది లెక్కలోకి తీసుకోరు. గట్టు దాటేటప్పుడు కుదుపుకు ఆ భారం ఇంకా ఎక్కువగా పడుతుంది. అందుకే మట్టి గీకి, నేలకు వీలైనంత దగ్గరగా ఉంచి తీసుకెళ్లండి. పనిముట్టును తగిలించే పిన్నుల మాట కూడా చూడండి. చిన్న ట్రాక్టర్లకు సాధారణంగా కేటగిరీ 1 అనే కొలత ఉంటుంది. కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై చేయి అయిన టాప్ లింకు పిన్ను 19.

ఒక్కటి మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. లిఫ్ట్ లేవడం లేదని రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు కింద వాషరు వేయించకండి. నూనె ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే ఆ వాల్వ్ ఉన్నది పంపునూ గొట్టాలనూ కాపాడటానికి. అది తెరుచుకోకపోతే గొట్టం పగిలి వేడి నూనె మనిషి మీద పడవచ్చు.

లెక్కలు కుదరని వారికి తేలిక దారి ఉంది. పనిముట్టు కొనే ముందు ఒక పూట అరువు తెచ్చుకోండి. దాన్ని తగిలించి, కాస్త పైకి లేపి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా బండిని నిలపండి. వెనక చక్రాలు బయటే, అదే ఎత్తులో ఉండాలి. వచ్చిన తూకం మీ ట్రాక్టరు బరువులో ఐదో వంతుకు తగ్గితే ఆ పనిముట్టు మీ బండికి కాదు, లేదా ముందు బరువులు కావాలి.

మీలో కొందరు ట్రాక్టర్ల మీదే వచ్చారు. ఆనందపురం వెళ్లే దారిలో కాటా తెరిచే ఉంది. ముందు ఖాళీ బండిని, తరువాత రోటావేటర్ ఎత్తి తూచి చూద్దాం, రండి.