మూడు తాళాల గుత్తులు

(హైదరాబాద్ చిక్కడపల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ల సంఘం ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. సెక్రటరీగారు నాకిచ్చిన అంశం, "నడిరోడ్డు మీద ఎవరైనా ఆపదలో కేక వేస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తారు" అని. చుట్టూ ఉన్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి నా సంగతే చెబుతాను. ఏమీ చెయ్యలేదు.

పోయిన ఎండాకాలం, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో కింద. సాయంత్రం ఆరవుతోంది. చేతిలో సంచి, అందులో ఆవకాయకని కొన్న కాయలు. బస్సు కోసం చూస్తున్నాను. నాకు రెండడుగుల అవతల ఒక కుర్రాడు, ఇరవై దాటి ఉంటాయేమో, నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట్లో నురగ. పడేముందు గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది. దాన్ని కేక అనాలో మూలుగు అనాలో నాకిప్పటికీ తెలీదు.

"ఫిట్సు! తాళాలు పెట్టండి, తాళాలు!" అని ఎవరో అరిచారు. అంతే, చూస్తుండగానే మూడు గుత్తులు వచ్చాయండీ. ఒకటి బండి తాళం, వెంకన్న బొమ్మతో. ఒకటి ఏదో షాపు షట్టరుది. మూడోది ఇంటిది, బీరువా తాళంతో సహా. ముక్కూ మొహం తెలియనివాడి గుప్పిట్లో బీరువా తాళం పెట్టేసే ఊరిని మనసు లేని ఊరని ఎలా అంటాం? కానీ 108కి మాత్రం ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. నా జేబులో ఫోనుంది. నేను పక్కవాళ్ళ మొహాలు చూస్తున్నాను, వాళ్ళు నా మొహం చూస్తున్నారు. అందరం నిమ్మళంగా కనబడ్డాం కాబట్టి, అంత కంగారుపడాల్సిందేం లేదని అందరికీ అనిపించింది.

ఇంతలో చెరుకురసం బండి దగ్గర్నించి ఒకామె వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, సూటిగా నన్నే చూసి, "ఓ తెల్లంగి సారూ, నిన్నే! ఆ సంచి కింద పెట్టి పిల్లగాని తల పట్టు, నేలకు కొట్టుకుంటున్నది" అంది. ఇంకో కుర్రాడి వైపు తిరిగి, "ఎర్ర టీషర్టు తమ్మీ, 108కి కొట్టు. పిల్లరు నంబరు చెప్పు, ఊకె దిల్‌సుఖ్‌నగర్ అంటే వాళ్ళకెట్ల తెలుస్తది?" నీళ్ళు తాగించబోయిన పెద్దాయన చేతిలోంచి సీసా లాక్కుంది. "ఇప్పుడు నోట్ల నీళ్ళు పోస్తె పానం పోతది" అంది. కొట్టుకోవడం ఆగాక తనే వాణ్ణి ఒక పక్కకి ఒత్తిగిల్లేటట్టు తిప్పింది. ఆమె పిలిచిన మరుక్షణం నాకు చేతులొచ్చాయి. అప్పటిదాకా ఎక్కడున్నాయో.

(108 మన ఊళ్ళోనే పుట్టింది, 2005 ఆగస్టు 15న. ఆ మాత్రం గర్వం ఉండొచ్చు. చెయ్యడమే మర్చిపోతాం.)

ఇంటికొచ్చాక నాకు గుర్తొచ్చింది, నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పిన పాఠమే అది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు సైకాలజిస్టులు న్యూయార్కులో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకడికి ఫిట్సు వచ్చినట్టు వినిపిస్తుంది, అది ముందే రికార్డు చేసిన గొంతు. ఈ మాట వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో నూటికి 85 మంది ఆ ఫిట్సు ఆగేలోపే లేచి బయటికి పరిగెత్తారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవాళ్ళలో 31 మందే లేచారు. లేవనివాళ్ళ సంగతి కూడా రాశారు వాళ్ళు, అది మనం చదవడం మర్చిపోతాం. లేవనివాళ్ళ చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమటలు పట్టాయి, తలుపు తీసి వచ్చిన మనిషిని "అతనికెలా ఉంది?" అని అడిగారు. గుండె లేకపోవడం కాదు అది. పదిమందిలో పాము చావదని మన ముసలమ్మలు ఎప్పుడో చెప్పిందే.

ఆ ప్రయోగానికి ముందొక హత్య ఉంది. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్కులో కిటీ జెనోవీస్ అనే అమ్మాయిని ఇంటి దగ్గరే పొడిచి చంపారు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని అక్కడి పెద్ద పత్రిక రాసింది. నేనూ అలాగే పాఠం చెప్పాను, తప్పు చెప్పాను. అంతమంది చూడలేదు. కొందరికి కేక మాత్రం వినబడింది, అదేదో మొగుడూ పెళ్ళాల గొడవనుకున్నారు. ఒక పొరుగింటావిడ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి, ఆ పిల్లను చేతుల్లోకి తీసుకుని కూర్చుంది కూడా. ఆ కథనంలో లోపాలున్నాయని ఆ పత్రికే 2016లో ఒప్పుకుంది. 2019లో వెలువడిన మరో పరిశోధన ఇంకా ముచ్చటగా ఉంటుంది. మూడు దేశాల్లో వీధి సీసీ కెమెరాలు పట్టిన 219 గొడవలు చూస్తే, పదింట తొమ్మిదిసార్లు ఎవరో ఒకరు అడ్డం వెళ్ళారు. చుట్టూ జనం ఎక్కువుంటే ఎవరో ఒకరు కదిలే అవకాశం కూడా పెరిగింది.

మరి ఎప్పుడు కదలరు? నన్నడిగితే, మొగుడూ పెళ్ళాలనే మాట అడ్డొచ్చినప్పుడు. 1976లో అమెరికాలో ఒక మగవాడు ఒకావిణ్ణి కొడుతున్నట్టు నాటకం ఆడించారు. ఆవిడ "నువ్వెవరో నాకు తెలీదు, పో!" అని అరిస్తే నూటికి 65 మంది అడ్డం వెళ్ళారు. "నిన్నెందుకు కట్టుకున్నానా!" అని అరిస్తే 19 మంది. దెబ్బలు అవే, ఏడుపూ అదే. ఇది ఎక్కడో అమెరికా సంగతనుకోకండి. మన మెట్ల మీద ఏడుపు వినబడితే టీవీ సౌండు పెంచుతామా, తగ్గిస్తామా? "వాళ్ళింటి గొడవ, మనకెందుకు" అన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేనూ అన్నాను.

అందుకే ఆడపిల్లలకి ఒక మాట చెబుతుంటాను. సినిమాల్లోలాగ "రక్షించండి, రక్షించండి" అనకండి. అలా అరిచిన మనిషిని నా బతుకులో చూడలేదు. వట్టి "అమ్మో!" కూడా చాలదు, బల్లిని చూసినా అదే అంటాం కదా. "ఎవర్రా నువ్వు, నువ్వెవరో నాకు తెలీదు" అనండి, గట్టిగా. ఆపైన ఒక్కరిని పట్టుకోండి: "నీలం చొక్కా అన్నా, పోలీసులకి ఫోన్ చెయ్యన్నా!" మనకి ఊరంతా అన్నలూ అక్కలూ బాబాయిలే. ఆ వరస పెట్టి పిలిచాక వెనక్కి తగ్గేవాడు తక్కువ.

2022 మేలో సరూర్‌నగర్ రోడ్డు మీద ఒక యువకుణ్ణి చంపారు. ఆ వీడియోలు మీ ఫోన్లకీ వచ్చి ఉంటాయి, అవి తీసినవాళ్ళు అక్కడే ఉన్నారన్నమాట. చుట్టూ ఉన్నవాళ్ళని ఎంతో బతిమాలానని అతని భార్య తర్వాత చెప్పింది. దాని గురించి ఎక్కువ మాట్లాడే అర్హత నాకు లేదు, దిల్‌సుఖ్‌నగర్‌లో నేనేం చేశానో చెప్పాను కదా. కత్తికి ఎదురెళ్ళమని ఎవరికీ చెప్పను. కానీ ఆ ఫోన్లలోనే 112 ఉంది, ఆపద వేళ పిలిచే నంబరు. బండ్ల హారన్లు ఆపకుండా మోగించొచ్చు. నలుగురు కలిసి అరవొచ్చు.

ఇక పోలీసుల భయం. మా బావగారు ఒకసారి యాక్సిడెంటైన మనిషిని ఆటోలో ఆసుపత్రికి చేర్చి, ఆ పుణ్యానికి రెండేళ్ళు కోర్టు వాయిదాలకి తిరిగారు. ఇంట్లో అందరికీ అదే గుణపాఠమైంది. ఆ రోజులు కావివి. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్ళని వేధించకూడదని మార్గదర్శకాలకి ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేర్చారు. మీరు మంచి మనసుతో సాయం చేశాక గాయపడినవాళ్ళకి ఏదైనా జరిగినా మీ మీద కేసు ఉండదు. పేరూ చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ హక్కుల పట్టికని ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా పెట్టాలని నిబంధన. మీరు వెళ్ళే ఆసుపత్రిలో ఉందేమో ఈసారి చూడండి. నేను చూసిన చోట ఆ గోడకి మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీ ధరలున్నాయి.

ఆ కుర్రాడి మాట చెప్పి ఆపేస్తాను. అంబులెన్సు వచ్చేసరికి వాడు లేచి కూర్చున్నాడు, "నా చెప్పు ఏది?" అన్నాడు. చెప్పు దొరికింది. రెండు గుత్తుల వాళ్ళు అక్కడే ఉండి తీసుకున్నారు. మూడోది, బీరువాది, మిగిలిపోయింది. ఆయనకి బస్సు వచ్చినట్టుంది, ఎక్కేశాడు. బండామె దాన్ని చెరుకుగడలు ఆనించే మేకుకి తగిలించింది. మర్నాడు నేను మళ్ళీ అటు వెళ్తే మేకు ఖాళీగా ఉంది. "పొద్దుగాల్నే ఉరికొచ్చిండు సారూ, రాత్రంత బయటే పన్నడంట" అంది, గ్లాసు కడుగుతూ.

ఫిట్సు వచ్చినవాళ్ళని పక్కకి ఎలా తిప్పాలో కింద చాప మీద చూపిస్తాను. ఎవరైనా ఒకరు వచ్చి పడుకోవాలి. మూడో వరసలో గళ్ళ చొక్కా బాబూ, నువ్వు రా.