తట్టెడు కాంక్రీటు బరువు

(నరసన్నపేటలో తాపీ, సెంట్రింగ్ పనివారి సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, మేస్త్రిలకు, తట్టలు మోసే అమ్మలకు నమస్కారం. నన్ను సిమెంటు రకాల గురించి చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున్న దారిలో ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. సెంట్రింగ్ మీద, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే పలకలు, కర్రల మీద, ఒకే మూల కాంక్రీటు గుట్టగా పోస్తున్నారు. బండి దిగి ఆపించాను. కాబట్టి ఆ కాగితం పక్కన పెడుతున్నాను.

మీ తట్ట నిండా కాంక్రీటు పోస్తే ఎంత బరువు? చెప్పండి. వెనక ఎవరో పది కిలోలు అన్నారు. ఆ అమ్మ ఇరవై ఐదు అంటోంది. ఆవిడ మాటే దగ్గర. మోసిన మెడకు తెలుస్తుంది. పది లీటర్ల తట్టలో నీళ్లయితే 10 కిలోలు, కాంక్రీటయితే 24. ఘనపు మీటరుకు 2,400 కిలోలు. ఇనుముతో కలిపి 2,500 అని లెక్క కడతాం. అయిదంగుళాల స్లాబయితే చదరపు అడుగుకి దాదాపు 30 కిలోలు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి. "గట్టిగా ఉంటుంది, ఇంకో అంగుళం వేయండి" అంటారు ఇంటివాళ్లు. వెయ్యి అడుగుల ఇంటికి ఆ అంగుళం దాదాపు ఆరు టన్నులు!

అంత బరువు ఎక్కణ్ణుంచి వస్తుంది? కాంక్రీటులో ముప్పావు వంతు దాకా పిక్క (కంకర), ఇసుకే. మన కొండల నల్లరాయి నీటికి రెండున్నర రెట్లు పైనే తూగుతుంది. రాయి మారితే బరువు మారుతుంది. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి వేస్తే ఘనపు మీటరు 3,000 కిలోలు దాటుతుంది. ఎక్స్‌రేలాంటి కిరణాలను ఆపే గోడలకు అలా వాడతారు. గాలి ఎక్కువుంటే తేలికవుతుంది. కానీ మన స్లాబులో గాలి చేరిందంటే, కాంక్రీటును కుదిపి గాలి పోగొట్టే వైబ్రేటర్ సరిగ్గా పెట్టలేదని అర్థం. నూటికి అయిదు వంతులు ఖాళీలుంటే బలం మూడో వంతు దాకా పోతుంది. నీళ్లు ఎక్కువ పోసినా అంతే. అవి ఆరిపోయి లోపల బొక్కలు మిగులుస్తాయి.

"ఆరితే తేలికైపోతుంది కదా" అంటారు. నీళ్లలో కొంత సిమెంటులోనే కలిసిపోతుంది. ఆరిపోయేది ఘనపు మీటరుకు మహా అయితే నూరు కిలోలు. బరువు పోదు, బలం మాత్రం రోజురోజుకీ వస్తుంది. మొదటి రోజు బరువంతా ఉంటుంది, బలం ఏమీ ఉండదు. ఆ రోజు మోసేది కింది సరుగుడు కర్రలే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. ఉద్యోగంలో కొత్తగా చేరాను. మా చిన్నాన్న ఇంటి పోర్టికోకి నేనే డ్రాయింగ్ గీశాను. పన్నెండడుగులు, పదడుగులు. ఏ రాడ్డు ఎక్కడ పడాలో అన్నీ రాశాను. కింద కర్రల గురించి ఒక్క మాట రాయలేదు. తర్వాత అడిగితే మేస్త్రి, "ఒక్క పోర్టికోకి లెక్కలేటి బాబూ" అన్నాడు. ఆయన తప్పు కాదు. లెక్క చెప్పాల్సింది నేను.

ఆ లెక్క ఇప్పుడు వినండి. 120 చదరపు అడుగులు, మూడున్నర టన్నులు. పన్నెండు కర్రలు. సమానంగా పడితే కర్రకు 300 కిలోలు. కానీ ఒక మూల నలభై తట్టలు గుట్ట పోశారు. అంటే టన్ను. అది రెండు కర్రల మీద పడింది. ఆ కర్రలు నిలబెట్టింది కొత్తగా నింపిన మట్టిలో, కింద చెక్క కూడా లేదు. ముందురోజు రాత్రి వాన. కర్ర దిగబడింది, సెంట్రింగ్ ఒరిగింది. తట్టతో పైనున్న ఒకామె కిందపడి కాలు విరిగింది. మళ్లీ ఆమె తట్ట ఎత్తలేదు. ఆసుపత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం. అయినా ఆమె కొడుకు బడి మానేసి పనిలోకి వచ్చాడు. ఆ పిల్లాణ్ణి కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర చూసిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

బరువంటే భయపడమని కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రేకులు ఎగిరిపోయాయి. స్లాబు నిలిచిందంటే ఆ బరువు వల్లనే. అదే బరువు ఆరకముందు మనుషుల మీద పడకూడదు.

అమ్మా, మీకు కూడా చెబుతున్నాను. గుట్టగా పోయమంటే పోయకండి, పరచమనండి. మేస్త్రి గారూ, కర్ర కింద చెక్క వేయండి. పదిహేనడుగుల లోపు స్లాబుకి వారం, అంతకు మించితే రెండు వారాలు కర్రలు కదపొద్దు. ఓనరు తొందరపెట్టినా కదపొద్దు.

రేపు స్లాబు ఎవరికుంది? చేతులెత్తండి. ముగ్గురున్నారు. బాబూ, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు. ముందు మీరు చెప్పండి, పొడవెంత, వెడల్పెంత, కర్రలెన్ని?