సెక్యూరిటీ ఉద్యోగం, ఓపీటీ గడువు, దొంగ అనుభవం

నిర్వాహకులకు, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, సెలవు రోజు కూడా ఇంత దూరం వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం. శాలువాలూ పూలదండలూ వద్దని ముందే బతిమాలుకున్నాను. ఆ పది నిమిషాలూ మీ ప్రశ్నలకు కావాలి.

అమెరికాలో మాస్టర్స్ ముగించిన మన పిల్లలకు సైబర్ సెక్యూరిటీలో ఉద్యోగం ఎలా దొరుకుతుందో చెప్పమన్నారు. మనకు అందని ఉద్యోగాలేవి, గడువులేవి, చేతిలో ఏం ఉండాలి, ఈ వరసలో చెబుతాను.

మొదట అందనివి. ఈ రంగంలో ఖాళీలే ఖాళీలని విని చేరారు. ఖాళీలు ఉన్నమాట నిజమే. కానీ వాటిలో పెద్ద వాటా ఫెడరల్ ప్రభుత్వానిది, రక్షణ శాఖ కాంట్రాక్టర్లది. వాటిలో చాలావాటికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే ప్రభుత్వ అనుమతి, కావాలి, క్లియరెన్స్‌కు పౌరసత్వం కావాలి. గ్రీన్ కార్డు ఉన్నా చాలదు. ఉత్తర వర్జీనియా, మేరీల్యాండ్ ప్రకటనలు చూసి మనసు పారేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రకటనలో 'సీక్రెట్', 'టీఎస్/ఎస్‌సీఐ', 'పబ్లిక్ ట్రస్ట్' అని కనిపిస్తే వదిలేయండి. 'యూఎస్ పర్సన్', 'ఐటార్' (ఆయుధాల ఎగుమతి నియమాలు) అని ఉన్నా అంతే. యూఎస్ పర్సన్ అంటే పౌరులు, గ్రీన్ కార్డుదారులు, శరణార్థులు, ఆశ్రయం పొందినవాళ్ళు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు అందులో రారు. ప్రభుత్వ క్లౌడ్ నడిపే బృందాలు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి. దరఖాస్తులు వందల్లో పెట్టినా జవాబు రావడం లేదని బాధపడేవాళ్ళు, ఆ వందల్లో ఇలాంటివి ఎన్నో ముందు లెక్కపెట్టుకోండి.

మరి అందేవి? బ్యాంకులు, ఇన్సూరెన్స్, ఆసుపత్రి గ్రూపులు, రిటైల్, సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల కంపెనీలు, ఆడిట్ సంస్థల సైబర్ విభాగాలు. ఇవి కాక యూనివర్సిటీలు. యూనివర్సిటీల సంగతి మన పిల్లలు అసలు పట్టించుకోరు. ప్రతి పెద్ద యూనివర్సిటీకీ ఒక సెక్యూరిటీ ఆఫీసు ఉంటుంది, చాలాచోట్ల విద్యార్థులే షిఫ్టుల్లో అలర్టులు చూస్తారు. యూనివర్సిటీ స్పాన్సర్ చేసే హెచ్-1బీకి, అంటే ఉద్యోగ వీసాకు, ఏటా 65,000, మాస్టర్స్ వాళ్ళకు అదనంగా 20,000 అన్న పరిమితి వర్తించదు, లాటరీ ఉండదు. జీతం తక్కువే. అయినా చదువుకునేటప్పుడే అక్కడ క్యాంపస్ ఉద్యోగం అడగండి.

స్పాన్సర్ చేసే కంపెనీలేవో వాట్సాప్ గ్రూపుల్లో అడుక్కోవాల్సిన పని లేదు. అమెరికా కార్మిక శాఖ ప్రతి మూడు నెలలకూ హెచ్-1బీ ఎల్‌సీఏల (వీసాకు ముందు కంపెనీ పెట్టే వేతన దరఖాస్తుల) వివరాలు ఎక్సెల్ ఫైలుగా పెడుతుంది. దించుకోండి. వృత్తి కోడ్ దగ్గర 15-1212 అని ఫిల్టర్ పెట్టండి, అది ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ అనలిస్టుల కోడ్. తర్వాత 15-1299 పెట్టండి, సెక్యూరిటీ ఇంజినీర్లు, పెన్ టెస్టర్లు (అనుమతితో సిస్టంలలోకి చొరబడి లోపాలు చూసేవాళ్ళు) చాలామంది దాని కింద ఉంటారు. పని చేసే రాష్ట్రం, జాబ్ టైటిల్, వేతన స్థాయి అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అది మీ సొంత జాబితా. ఆ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉందో లేదో ఈ-వెరిఫై సైట్లోనే పేరు కొట్టి చూసుకోవచ్చు. ఓపీటీ అంటే చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే ఏడాది పనిచేసే అనుమతి. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలకు దాన్ని పెంచే స్టెమ్ పొడిగింపుకు ఈ-వెరిఫై లేకపోతే కుదరదు.

వేతన స్థాయి దగ్గర ఒక్క మాట. 2026 ఫిబ్రవరి 27 నుంచి హెచ్-1బీ ఎంపికలో వేతన స్థాయిని బట్టి అవకాశం మారుతోంది. నాలుగో స్థాయి వాళ్ళ పేరు నాలుగుసార్లు పడితే, ఒకటో స్థాయి వాళ్ళది ఒక్కసారే పడుతుంది. అందరూ ఎగబడే సాక్ (సెక్యూరిటీ అలర్టులు చూసే కేంద్రం) లెవెల్ 1 ఉద్యోగం సాధారణంగా కింది స్థాయిలోనే ఉంటుంది. మొదటి మెట్టుగా తీసుకోండి, తప్పు లేదు. కానీ మీకు కోడింగ్ వస్తే క్లౌడ్ సెక్యూరిటీ, అప్లికేషన్ సెక్యూరిటీ, డిటెక్షన్ ఇంజినీరింగ్ (దాడులను పసిగట్టే రూళ్ళు రాసే పని) వైపు చూడండి. ఐడెంటిటీ పని, అంటే ఎవరికి ఏ సిస్టంలోకి అనుమతి ఉందో చూసే సెయిల్‌పాయింట్, ఆక్టా, సైబర్‌ఆర్క్ లాంటి సాఫ్ట్‌వేర్ల పని, పైకి ఆకర్షణగా కనిపించదు. కానీ అక్కడ పని ఉంది.

ఇక గడువులు. ఓపీటీకి చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చు. అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకొకటి ఉంది: యూనివర్సిటీ డీఎస్ఓ, అంటే విదేశీ విద్యార్థుల అధికారి, సెవిస్‌లో (ప్రభుత్వ విద్యార్థి రికార్డుల సిస్టంలో) సిఫారసు పెట్టిన 30 రోజుల లోపల ఐ-765, అంటే పని అనుమతి దరఖాస్తు, చేరాలి. ఆ సిఫారసుతో కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) చేతికొచ్చాక తీరిగ్గా కూర్చుంటే తిరస్కరిస్తారు. మొదలయ్యే తేదీ మీరే ఎంచుకుంటారు, చదువు ముగిసిన 60 రోజుల లోపల ఏదైనా పెట్టుకోవచ్చు. ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, మీద పడిన మొదలు తేదీ నుంచి నిరుద్యోగం లెక్క మొదలు. మొత్తం 90 రోజులు, శని ఆదివారాలతో సహా. స్టెమ్ పొడిగింపు వచ్చాక ఇంకో 60 కలిసి 150. ఉద్యోగం మారేటప్పుడు మధ్యలో పోయిన రోజులూ అందులోవే. ఉద్యోగం దొరికిన 10 రోజుల లోపల సెవ్ప్ పోర్టల్లో (ఓపీటీ విద్యార్థుల ప్రభుత్వ సైట్లో) వివరాలు ఎక్కించాలి. దొరికినా ఎక్కించకపోతే సిస్టం దృష్టిలో మీరు నిరుద్యోగే.

ఈ 90 రోజుల దగ్గరే మన పిల్లలు పట్టు తప్పుతున్నారు. 60 దాటగానే భయం పట్టుకుంటుంది. అప్పుడు ఫోన్ వస్తుంది. "మా కన్సల్టెన్సీలో చేరండి, రెజ్యూమేలో ఏడేళ్ళ అనుభవం మేమే పెడతాం, ఇంటర్వ్యూకు మా మనిషి కూర్చుంటాడు." మిగతా విషయాలు పక్కన పెట్టి నేను దీని గురించే మాట్లాడాలి. నిర్వాహకులు క్షమించాలి.

అయ్యా, అమ్మా, మీరు అడుగుతున్నది కాపలా ఉద్యోగం. కంపెనీ తన ఖజానా తాళాలు మీ చేతికి ఇస్తోంది. ఎవరు అబద్ధం చెబుతున్నారో పట్టుకోవడమే మీ పని. కంచే చేను మేస్తే అని మన పెద్దలు ఊరికే అనలేదు.

నీతి మాటలు చాలు, జరిగేది చెబుతాను. 2024 జూలైలో నోబిఫోర్ అనే సెక్యూరిటీ శిక్షణ కంపెనీ ఒక సంగతి తనంతట తానే బయటపెట్టింది. తాము తీసుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నిజానికి దొంగిలించిన గుర్తింపుతో వచ్చిన ఉత్తర కొరియా మనిషి. నాలుగు వీడియో ఇంటర్వ్యూలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ దాటాడు. లాప్‌టాప్ అందగానే మాల్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టాడు. పట్టుకున్నది ఆ కంపెనీ సాక్ బృందమే. అలాంటి కేసుల తర్వాత కంపెనీలు కెమెరా ముందు గుర్తింపు కార్డు అడుగుతున్నాయి, లాప్‌టాప్ పంపే చిరునామా సరిచూస్తున్నాయి. పెదాలు ఒకరివి, గొంతు ఒకరిది అయితే అంతర్జాతీయ నేరగాళ్ళ కోసం పన్నిన వలలో మీరు పడతారు.

అనుభవం సంగతీ అంతే. అమెరికా జీతాల చరిత్ర చాలా కంపెనీల పేరోల్ నుంచి నేరుగా ఒక డేటాబేస్‌లోకి పోతుంది, చెక్ చేసేవాళ్ళు అక్కడ చూస్తారు. లేదంటే డబ్ల్యూ-2, అంటే ఏటా కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రం, అడుగుతారు. ఇండియా అనుభవానికి ఫారం 16, పీఎఫ్ సర్వీస్ చరిత్ర అడుగుతారు. 2023లో ఐ-20 వచ్చినవాడికి డాలస్‌లో 2018 నుంచి ఉద్యోగం ఎలా ఉంటుందండీ? ఇది అక్కడితో ఆగదు. రేపు గ్రీన్ కార్డుకు అనుభవ పత్రాలు పెట్టాలి, ఆ కాగితాలకూ ఈ రెజ్యూమేకూ పొంతన ఉండాలి. ఇమ్మిగ్రేషన్ లాభం కోసం కీలకమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం ఈ దేశంలోకి రానివ్వకపోవచ్చు. 'నేను అమెరికా పౌరుణ్ణి' అని ఐ-9లో (ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే పని అనుమతి ఫారంలో) గడి నింపితే మరీ ఘోరం, దానికి మినహాయింపులు దాదాపు లేవు. ఆ గడి నింపమని చెప్పే కన్సల్టెన్సీవాడు మీతోపాటు విమానం ఎక్కడు.

దరఖాస్తుల్లో రెండు ప్రశ్నలు వస్తాయి. అమెరికాలో పనిచేయడానికి చట్టబద్ధమైన అనుమతి ఉందా? ఓపీటీ కార్డు ఉంటే, ఉంది. ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా? కావాలి. రెండోదానికి 'వద్దు' అని పెట్టి ఆఫర్ వచ్చాక చెబుదాంలే అనుకుంటారు. ఆ ఆఫర్ వెనక్కి పోతుంది. 'కావాలి' అని పెట్టి, రిక్రూటర్‌తో మొదటి ఫోన్లోనే లెక్క చెప్పండి: "ఓపీటీ, స్టెమ్ కలిపి మూడేళ్ళు నాకు పిటిషన్ ఖర్చు లేదు. ఐ-983 శిక్షణ ప్రణాళిక మాత్రం మీరు సంతకం చేయాలి." కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్న 2025 సెప్టెంబరు నాటి ప్రకటన విని భయపడే కంపెనీలు ఉన్నాయి. ఇక్కడే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవాళ్ళకు అది వర్తించదని ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ అదే ఏడాది అక్టోబరులో చెప్పింది. అది వాళ్ళకు చెప్పాల్సింది మీరే. ఆ మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటి మాత్రం వెళ్ళకండి.

ఆ ఏడేళ్ళ అబద్ధం స్థానంలో ఏం పెట్టాలి? సర్టిఫికెట్లా? సెక్యూరిటీ ప్లస్ ఒకటి చాలు, హెచ్‌ఆర్ ఫిల్టర్ దాటడానికి. సీఐఎస్‌ఎస్‌పీకి ఐదేళ్ళ పని అనుభవం కావాలి, డిగ్రీ ఒక ఏడాది తగ్గిస్తుంది, అంతే. ఇప్పుడు దాని వెంట పడకండి. డబ్బులు పోసి నాలుగు సర్టిఫికెట్లు కొనేకంటే దాడిని పసిగట్టే ఒక్క డిటెక్షన్ మొదటినుంచి చివరివరకు మీ చేత్తో కట్టండి. ఎలాగో వివరంగా చెబుతాను, రాసుకోండి.

మూడు వర్చువల్ మెషిన్లు, అంటే మీ లాప్‌టాప్ లోపలే నడిచే కంప్యూటర్లు. విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ ఉచితం, దాన్ని డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లో లాగిన్లన్నీ చూసే సర్వర్) చేయండి. ఒక విండోస్ క్లయింట్. లాగ్‌లు చూడటానికి వాజూ అనే సాఫ్ట్‌వేర్. 16 జీబీ లాప్‌టాప్ అయితే సర్వర్‌ను డెస్క్‌టాప్ లేని కోర్ రూపంలో 2 జీబీతో నడపండి, క్లయింట్‌కు 4, వాజూకు 6. డొమైన్‌లో ఒక సర్వీస్ అకౌంట్ సృష్టించి, ఎస్‌పీఎన్ (డొమైన్‌లో ఆ సర్వీసును గుర్తించే పేరు) తగిలించి, బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టండి. క్లయింట్ నుంచి కెర్బెరోస్టింగ్ చేయండి, అంటే విండోస్ లాగిన్ పద్ధతి కెర్బెరోస్‌లో ఆ సర్వీసుకు టికెట్ అడిగి, దాన్నుంచి పాస్‌వర్డ్ పగలగొట్టే దాడి. కంట్రోలర్‌లో ఈవెంట్ 4769, అంటే సర్వీస్ టికెట్ అడిగారన్న లాగ్, రావాలి.

ఒక్కోసారి రాదు. కొందరికి మొదటిసారి రాదు. ఆడిట్ పాలసీలో కెర్బెరోస్ సర్వీస్ టికెట్ ఆపరేషన్స్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంకొందరికి టికెట్టే రాదు, ఎందుకంటే స్నాప్‌షాట్ వెనక్కి తిప్పినప్పుడు రెండు మెషిన్ల గడియారాలు 5 నిమిషాలకు మించి తేడా పడ్డాయి, కెర్బెరోస్ ఒప్పుకోదు. ఇవన్నీ రాసిపెట్టుకోండి.

ఈవెంట్ వచ్చాక రూల్ రాయండి. టికెట్ ఎన్‌క్రిప్షన్ ఆర్‌సీ4 (పాత, బలహీనమైన పద్ధతి) అయితే అలర్ట్. డాలర్ గుర్తుతో ముగిసే మెషిన్ అకౌంట్లను, కెర్బెరోస్ సొంత అకౌంట్ కేఆర్‌బీటీజీటీని రూల్ నుంచి మినహాయించండి. ఇప్పుడు మీ రూల్‌ను మీరే ఓడించండి: బలమైన ఏఈఎస్ పద్ధతిలో టికెట్ అడిగితే అలర్ట్ రాదు. అప్పుడు రెండో రూల్: ఒకే యూజర్ కొద్ది నిమిషాల్లో చాలా సర్వీసులకు టికెట్లు అడిగితే. నెమ్మదిగా ఒక్కొక్కటి అడిగే తెలివైనవాడు దాన్నీ దాటుతాడు. అప్పుడు మూడోది: ఎవరూ వాడని ఒక ఎర అకౌంట్‌కు ఎస్‌పీఎన్ పెట్టండి. దాని పేరుతో 4769 ఒక్కటి వచ్చినా అది దొంగే, లేదా ఎవరో స్కానర్ నడిపారు. ఈ మూడు రూళ్ళూ, ఎక్కడ ఎందుకు తప్పాయో గిట్‌హబ్‌లో రెండు పేజీలు రాయండి. ఇంటర్వ్యూలో "పాత అప్లికేషన్ ఏదైనా ఆర్‌సీ4నే వాడుతుంటే ఏం చేస్తావు?" అని అడుగుతారు. ఏడేళ్ళ దొంగ అనుభవం ఆ ప్రశ్న దగ్గర కూలుతుంది. రెండు పేజీలు రాసినవాడు తాను చూసిందే చెబుతాడు.

జాగ్రత్త ఒక్కటి: ఇదంతా మీ సొంత ల్యాబ్‌లోనే. క్యాంపస్ నెట్‌వర్క్ మీద స్కాన్ చేయడం నేరం కావచ్చు, వీసాకూ ముప్పు. బగ్ బౌంటీలో, అంటే కంపెనీల సిస్టంలలో లోపాలు చూపించి బహుమతి పొందే పనిలో, డబ్బు తీసుకునేముందు డీఎస్ఓను అడగండి, చదువుకునేటప్పుడు అది అనుమతి లేని పని కింద పడవచ్చు.

90 రోజుల భయం ఉన్నవాళ్ళకు ఇంకో దారి చట్టంలోనే ఉంది. మొదటి 12 నెలల ఓపీటీలో మీ చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా, కార్మిక చట్టాలు ఒప్పుకుంటే, నిరుద్యోగం లెక్క ఆగుతుంది. లాభాపేక్ష లేని సంస్థలకు, చిన్న క్లినిక్కులు నడిపే ట్రస్టులకు చాలాచోట్ల సెక్యూరిటీ చూసేవాళ్ళు ఉండరు, అక్కడ అడగండి. ఉత్తరం తీసుకోండి, గంటలు రాసిపెట్టండి, పోర్టల్లో ఎక్కించండి. స్టెమ్ పొడిగింపులో ఇది చెల్లదు, అక్కడ జీతం తప్పనిసరి. స్టెమ్ నమ్ముకున్నవాళ్ళు ఐ-20లో కోర్సు కోడ్ చూసుకోండి: 11.1003 అయితే భయం లేదు, సెక్యూరిటీ పేరుతో ఉన్న కొన్ని మేనేజ్‌మెంట్ కోర్సులకు వేరే కోడ్ ఉండవచ్చు.

సమయం మించిపోయింది. రెజ్యూమేలు తెచ్చినవాళ్ళు ఎడమవైపు బల్ల దగ్గరకు రండి. నిరుద్యోగం లెక్క 60 దాటినవాళ్ళు ముందు రండి, ఈఏడీ కార్డు, తాజా ఐ-20 చేతిలో పట్టుకుని రండి. కన్సల్టెన్సీవాళ్ళు పంపిన ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకుండా ఉన్నవాళ్ళు అది కూడా తీసుకురండి, కలిసి చదువుదాం.