ప్రివ్యూ బటన్ దగ్గర తేలిపోయే విషయం: డ్రూపల్ 11 రివ్యూ

నమస్కారం. ఈ వీడియో కోసం ఒక హోస్టింగ్ సంస్థ నాకు డ్రూపల్ 11 సైటు నడుపుకొనే ఖాతాను కొంతకాలంపాటు ఉచితంగా ఇచ్చింది. ఆ సంగతి ముందే చెప్పడం నా బాధ్యత. వారు డబ్బు ఇవ్వలేదు, స్క్రిప్టు చూపించమని అడగలేదు. డ్రూపల్ అంటే వెబ్‌సైటులో పేజీలు రాసి, దిద్ది, ప్రచురించుకునే సాఫ్ట్‌వేర్. అది ఓపెన్ సోర్స్ కాబట్టి దానిని ఎవరైనా ఊరికే దించుకోవచ్చు. వారు ఇచ్చింది సర్వర్ మాత్రమే, నేను మాట్లాడబోయేది ఆ సర్వర్ గురించి కాదు. 2024 ఆగస్టులో ఈ వెర్షన్ విడుదలైనప్పటి నుంచి ఏ పీహెచ్‌పీ కావాలి, కోర్‌లోంచి, అంటే డ్రూపల్ మూల ప్యాకేజీలోంచి, ఏ మాడ్యూళ్ళు (విడి భాగాలు) తీసేశారు, వేగం ఎంత అన్న వివరాలు మీరు వేరేచోట చూసే ఉంటారు. నేను మాత్రం డ్రూపల్ లాంటి ఏ సీఎంఎస్ (కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) చేతికి వచ్చినా మొదట వెతికేది ప్రివ్యూ బటన్‌నే. ఈ రివ్యూలో ఎక్కువ భాగం కూడా దానికే పోతుంది.

ఒక్కరే రాసి ఒక్కరే ప్రచురించుకునే బ్లాగులో ప్రివ్యూ ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే తప్పు కనబడితే అదే మనిషి మరుక్షణం దిద్దుకుంటాడు. బ్యాంకు, విశ్వవిద్యాలయం, ప్రభుత్వ శాఖ, వార్తాసంస్థ వంటి చోట్ల పరిస్థితి వేరు. అక్కడ రాసేది ఒకరు, అనువదించేది మరొకరు, చట్టపరమైన చిక్కులు లేవని చదివి చెప్పేది ఇంకొకరు. చివరి సంతకం పెట్టే అధికారికి సీఎంఎస్‌లో లాగిన్ కూడా ఉండకపోవచ్చు. ఇంతమందీ ఒకే పేజీని, పాఠకుడికి ఎలా కనబడుతుందో అచ్చంగా అలాగే, అది బయటికి వెళ్ళకముందే చూడగలగాలి. ఎంటర్‌ప్రైజ్ సీఎంఎస్ అనే పెద్ద పేరు వెనుక ఉన్న అసలు అవసరాల్లో ఇది ఒకటి. దీనిని ఒక తరం సాఫ్ట్‌వేర్ చక్కగా తీర్చింది, తరువాతి తరం గాలికి వదిలేసింది, ఇప్పుడు అందరూ దానికోసమే మళ్ళీ వెతుక్కుంటున్నారు.

1990ల రెండో సగంలో పెద్ద సంస్థలు కొన్న సీఎంఎస్‌లలో రెండు పేర్లు బాగా వినబడేవి. ఒకటి విన్యెట్ సంస్థ తెచ్చిన స్టోరీసర్వర్, రెండోది ఇంటర్‌వోవెన్ సంస్థ తెచ్చిన టీమ్‌సైట్. సీనెట్ అనే టెక్నాలజీ వార్తల వెబ్‌సైటు తన సొంత అవసరానికి కట్టుకున్న వ్యవస్థలోంచి స్టోరీసర్వర్ పుట్టింది; వార్త డేటాబేసులో, రూపం టెంప్లేట్‌లో ఉండాలన్న పద్ధతి వ్యాపించడంలో దాని పాత్ర చాలా ఉంది. నాకు ఇష్టమైనది మాత్రం టీమ్‌సైట్ ఆలోచన. అది ప్రతి ఎడిటర్‌కూ మొత్తం వెబ్‌సైటు నకలు ఒకటి విడిగా ఉన్నట్టు చూపించేది. నిజంగా అన్ని ఫైళ్ళనూ నకలు తీయకుండా, మారినవాటిని మాత్రమే వేరుగా ఉంచి, మిగతావి మూలంలోంచి చూపించేది. ఆ నకలును వర్క్‌ఏరియా అనేవారు. అక్కడ దిద్దినది అందరి మార్పులూ కలిసే స్టేజింగ్‌కు వెళ్ళేది, స్టేజింగ్‌లో కుదిరిన సైటును మొత్తంగా ఒక ఎడిషన్‌గా భద్రపరిచేవారు. ఎడిటర్ తన వర్క్‌ఏరియాలో హోమ్ పేజీ నుంచి లింకులు నొక్కుకుంటూ, తాను మార్చిన పేజీ సైటులో ఎలా ఇమిడిందో స్వయంగా చూసుకునేవాడు. విన్యెట్‌ను 2009లో ఓపెన్‌టెక్స్ట్ కొన్నది. అదే ఏడాది ఇంటర్‌వోవెన్‌ను ఆటానమీ కొన్నది, 2011లో ఆటానమీ హెచ్‌పీ చేతికి పోయింది, 2016లో టీమ్‌సైట్ కూడా వచ్చి ఓపెన్‌టెక్స్ట్ గూటికే చేరింది. ఒకప్పుడు ఒకే టెండరులో తలపడ్డ సరుకులు ఒకే కొట్లో పక్కపక్కన కూర్చున్నాయన్నమాట.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టిన డే సాఫ్ట్‌వేర్ ఇంకో దారి పట్టింది. పేజీ, బొమ్మ, వ్యాఖ్య, సెట్టింగు అన్న తేడా లేకుండా సమస్తాన్నీ ఒకే చెట్టు ఆకారపు భాండాగారంలో దాచాలన్నది వారి సిద్ధాంతం. జావా ప్రోగ్రామింగ్ లోకంలో అది 2005లో జేసీఆర్ అనే ప్రమాణంగా స్థిరపడింది. 2010లో అడోబీ ఆ సంస్థను కొన్నది, ఈనాటి అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్‌కు మూలం అదే. రాసేవారి సర్వర్ వేరు, పాఠకుల సర్వర్ వేరు అన్న విభజన దానిలో మొదటి నుంచీ గట్టిగా ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఎడిటర్ ఫారం నింపడు. పేజీ మీదే క్లిక్ చేసి అక్కడికక్కడే దిద్దుతాడు. అక్కడ ప్రివ్యూ వేరే బటన్ కాదు, పని చేసే చోటే అది.

తరువాత ఫోన్లు వచ్చాయి. 2007లో ఐఫోన్ వచ్చాక ఒకే వార్త వెబ్‌సైటుకూ యాప్‌కూ భాగస్వాముల సైట్లకూ వెళ్ళవలసి వచ్చింది. పేజీ అనే భావన మీద కట్టిన సీఎంఎస్‌లు అక్కడ తడబడ్డాయి, ఎందుకంటే వాటిలో శీర్షిక, బొమ్మ, పేరా అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ముద్దగా ఉండేవి. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ 2009లో తన పద్ధతిని బయటపెట్టింది: సమాచారాన్ని రూపానికి కట్టివేయకుండా విడివిడి ఫీల్డులుగా ఒకసారి దాచి, ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే మార్గం) ద్వారా ఎక్కడ కావాలంటే అక్కడికి పంపడం. 2013లో బెర్లిన్‌లో మొదలైన కంటెంట్‌ఫుల్ వంటి సంస్థలు దీనినే వ్యాపారంగా మార్చాయి. చూపించే భాగం లేకుండా సమాచారం ఒక్కటే ఇచ్చేది కాబట్టి హెడ్‌లెస్ అన్న పేరు అలా స్థిరపడింది. డెవలపర్లు పండగ చేసుకున్నారు, వారి సంతోషంలో న్యాయం ఉంది. ఎడిటర్ల బల్ల మీద మాత్రం పేజీ మాయమై, ఫారం ఒక్కటే మిగిలింది.

నేను పనిచేసిన ఒకచోట అలాంటి మార్పు జరిగింది. సంస్థ పేరూ ఉత్పత్తి పేరూ ఇక్కడ అనవసరం. ముందు భాగం, అంటే పాఠకుడికి కనబడే సైటు, కట్టినవారు ప్రివ్యూను తరువాతి విడతకు వాయిదా వేశారు, ఆ విడత చాలాకాలం రాలేదు. ఫలితంగా డెస్కులో ఒక కొత్త అలవాటు పుట్టింది. వార్తను నేరుగా పబ్లిష్ చేయడం, ఫోన్‌లో లైవ్ సైటు తెరిచి చూడడం, బాగోకపోతే గబగబా దిద్ది మళ్ళీ పబ్లిష్ చేయడం. ఉప్పు చూడకుండా విస్తట్లో వడ్డించి, తినేవాళ్ళ ముఖాలు చూసి కూర సరిచేసుకున్నట్టు ఉండేది ఆ పని.

తెలుగులో ఈ ఇబ్బంది రెట్టింపు అవుతుంది. ఇప్పుడు తెర మీద చూపిస్తున్న శీర్షికను గమనించండి: మార్కెట్ కమిటీల పునర్వ్యవస్థీకరణకు ఉత్తర్వులు. ఫారంలో ఇది నిక్షేపంగా ఉంది. ఇదే శీర్షిక ఫోన్‌లోని సన్నటి కార్డులోకి వెళ్ళేసరికి రెండు ప్రమాదాలు ఎదురవుతాయి. అందులోని పునర్వ్యవస్థీకరణకు అన్న పదం కార్డు వెడల్పును మించిపోయి, విరగడానికి చోటు లేక అంచు దాటి బయటికి పొడుచుకు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి పెట్టిన పంక్తి ఎత్తు చాలక, మిగిలినది దాచే నియమం కూడా ఉంటే, కింది పంక్తిలో వత్తులు సగానికి తెగిపోతాయి. అక్షరాల పరిమితి మరో తంటా. లక్ష్మి అని రాస్తే కంటికి రెండక్షరాలే, యూనికోడ్ లెక్కలో మాత్రం ఏడు. శీర్షిక అరవై అక్షరాలు దాటకూడదని ఫీల్డుకు హద్దు పెట్టినవారు ఇంగ్లీషు శీర్షికను మనసులో పెట్టుకుని పెట్టారు; ఆ హద్దు కాస్త పొడవైన తెలుగు శీర్షికను అకారణంగా ఆపేస్తుంది, కార్డులో తెగే వత్తును మాత్రం ఆపదు. దానిని ఆపగలిగేది చూసే కన్ను ఒక్కటే, ఆ కంటికి ప్రివ్యూ కావాలి.

ఇక డ్రూపల్ 11 దగ్గరికి వద్దాం. వ్యాసం రాస్తూ, ఇంకా సేవ్ చేయకుండానే ప్రివ్యూ నొక్కితే సైటు అసలు థీమ్‌లో అది తెరుచుకుంటుంది. తెర పైభాగాన వ్యూ మోడ్ అనే ఎంపిక ఉంది చూడండి. పూర్తి వ్యాసంగా ఎలా ఉంటుందో, జాబితాలో సంక్షిప్తంగా ఎలా ఉంటుందో, మీ సైటు కోసం ప్రత్యేకంగా కట్టుకున్న కార్డు రూపంలో ఎలా ఉంటుందో అక్కడే మార్చి మార్చి చూడవచ్చు. ఇది 2015లో వచ్చిన డ్రూపల్ 8 నుంచీ ఉన్నదే, ఎవరి ఫీచర్ల పట్టికలోనూ పెద్దగా కనబడదు. నాకు మాత్రం ఈ చిన్న ఎంపిక చూస్తే ఎడిటర్ కుర్చీలో కూర్చున్నవారెవరో దీనిని తయారుచేశారనిపిస్తుంది. లోపమూ ఉంది. కార్డు రూపాన్ని ప్రివ్యూలో చూసేటప్పుడు అది ఒంటరిగా, పేజీ మధ్యలో విశాలంగా పరుచుకుని కనబడుతుంది. హోమ్ పేజీలో పక్క కార్డుల మధ్య ఇరుక్కున్నప్పుడు ఎలా ఉంటుందో ఇది చెప్పదు.

ఆ లోటును తీర్చేది వర్క్‌స్పేసెస్ మాడ్యూల్. నేను ఈ వెర్షన్ మీద ఇంత ఉత్సాహంగా ఉండడానికి కారణం అదే. 2018లో 8.6 వెర్షన్‌లో ప్రయోగాత్మకంగా వచ్చి, 2024లో 10.3 వెర్షన్‌లో గానీ స్థిరమైన మాడ్యూల్ హోదా పొందలేదు. స్టేజ్ అనే వర్క్‌స్పేస్‌లోకి, అంటే సైటుకు విడి నకలు లాంటి చోటికి, మారి, నాలుగు వ్యాసాలు దిద్ది, రెండు కొత్తవి చేర్చి, ఒక మెనూ లింకు మార్చి, ఆ తరువాత హోమ్ పేజీకి వెళ్ళి చూస్తే మొత్తం సైటు మార్పులతో సహా కనబడుతుంది. బయటి పాఠకుడికి మాత్రం పాత సైటే కనబడుతూ ఉంటుంది. బడ్జెట్ రోజునో, ప్రవేశాల నోటిఫికేషన్ రోజునో పదుల పేజీలు ఒకేసారి మారవలసిన సంస్థకు ఇది ఎంత ఊరటో ఆ పని చేసినవారికి తెలుస్తుంది. వ్యాసం చిత్తుప్రతి నుంచి ఆమోదం దాకా దశలు దాటించే కంటెంట్ మోడరేషన్‌తో కలిపి వాడితే, వర్క్‌స్పేస్‌లో ఒక్క అంశం చిత్తుప్రతి దశలో మిగిలిపోయినా మొత్తం పబ్లిష్ కాకుండా ఆపుతుంది. టీమ్‌సైట్ వర్క్‌ఏరియాను గుర్తు చేసుకోండి. దాదాపు అదే ఆలోచన, ఈసారి లైసెన్సు రుసుము లేకుండా.

చిరాకు తెప్పించినవీ చెప్పాలి. ఒక వ్యాసాన్ని స్టేజ్‌లో ఎవరైనా ముట్టుకుంటే, లైవ్‌లో దానిని మరొకరు దిద్దడానికి వీలుండదు. ఫలానా వర్క్‌స్పేస్‌లో ఇది దిద్దబడుతోందంటూ సందేశం వస్తుంది. గందరగోళం రాకుండా ఆపడం మంచిదే. అయితే వచ్చే వారం కోసం స్టేజ్‌లో పెట్టిన వ్యాసంలోనే ఈరోజు ఒక ఫోన్ నంబరు తప్పుందని తెలిస్తే లైవ్‌లో దానిని దిద్దే దారి మూసుకుపోతుంది. రెండోది, కార్డు రూపంలో ఏ ఫీల్డు ముందు రావాలి వంటి సైటు అమరికలను వర్క్‌స్పేస్‌లో మార్చలేం. ఆ ఫారం లైవ్‌లోనే సేవ్ అవుతుందని చెప్పి వెనక్కి పంపిస్తుంది. అంటే కొత్త కథనాన్ని ముందే చూడవచ్చు, కొత్త అమరికను చూడలేం. మూడోది అన్నిటికంటే పెద్దది. డ్రూపల్‌ను వెనుక ఉంచి ముందు భాగాన్ని నెక్స్ట్ జేఎస్ వంటి జావాస్క్రిప్ట్ పరికరాలతో కట్టుకుంటే, ఇందాక మెచ్చుకున్న ప్రివ్యూ చూపించేది డ్రూపల్ థీమ్‌ను, పాఠకుడు చూసే రూపాన్ని కాదు. సమాచారాన్ని బయటి సాఫ్ట్‌వేర్లకు అందించే జేసన్ ఏపీఐ 2019లోనే కోర్‌లోకి వచ్చింది కాబట్టి సమాచారం బయటికి పంపడం సులువే. అది అక్కడ ఎలా కనబడుతుందో ఎడిటర్‌కు చూపించే పని మాత్రం అదనపు మాడ్యూళ్ళతో మీరే కట్టుకోవాలి.

పోటీదారులు కూడా ఈ మధ్య ఇదే చోట చెమటోడుస్తున్నారు. అడోబీ 2023లో తెచ్చిన ఎడ్జ్ డెలివరీ సర్వీసెస్‌లో వ్యాసాన్ని వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో రాసి, బ్రౌజర్‌లోని సైడ్‌కిక్ పట్టీలో ప్రివ్యూ నొక్కితే అసలు పేజీ తెరుచుకుంటుంది. హెడ్‌లెస్ సంస్థలు కూడా పేజీని ఒకవైపు, ఫీల్డులను మరోవైపు చూపించే ఎడిటర్లను చేర్చుకున్నాయి. ఏఐ సంగతి అడుగుతారని తెలుసు: డ్రూపల్‌లో బొమ్మలను చూడలేనివారికి వాటిని వివరించే ప్రత్యామ్నాయ వాక్యాలు రాసే మాడ్యూళ్ళు ఉన్నాయి, పనికొస్తాయి, తెలుగులో అవి రాసినదానిని మనిషి చదవకుండా వదలవద్దు. బహుభాషా సదుపాయం కోర్‌లోనే ఉంది, ఫీల్డు ఫీల్డుకూ అనువాదం విడిగా దాస్తుంది; మన జిల్లాల ప్రభుత్వ సైట్ల మాదిరి తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో నడిచే సైటుకు ఇంతకంటే తేలికైన ఏర్పాటు నేను చూడలేదు.

నా తీర్పు ఇది. ముందు భాగం కూడా డ్రూపల్ థీమే అయిన సంస్థకు, నలుగురైదుగురు చేతులు మారి పేజీ బయటికి వెళ్ళే చోటికి, డ్రూపల్ 11ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. స్థాపన దగ్గర కంపోజర్ (పీహెచ్‌పీ భాగాలను తెచ్చి అమర్చే సాధనం) పెట్టే తలనొప్పిని కూడా వర్క్‌స్పేసెస్ కోసం భరించవచ్చు. 2025 జనవరి 5న మద్దతు ఆగిపోయిన డ్రూపల్ 7 మీద ఇంకా ఉన్నవారు మార్పును అప్‌గ్రేడ్ అనుకోకుండా కొత్తగా కట్టుకోవడం కిందే లెక్కవేసి డబ్బు కేటాయించుకోండి. ముందు భాగం విడిగా కట్టుకునేవారు కాంట్రాక్టులో ప్రివ్యూను మొదటి విడతలోనే రాయించండి. డెమో చూపించడానికి వచ్చినవారిని ఇందాకటి తెలుగు శీర్షికను ఫారంలో పెట్టి, ఫోన్ వెడల్పు కార్డులో, పబ్లిష్ నొక్కకుండా చూపించమని అడగండి.